ఫొటో దారిలో ఉంది

సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు మా సాయంకాల పత్రిక మొదటి పేజీలో, నకిలీ మందులు అమ్ముతూ పట్టుబడిన వ్యక్తి ఫొటో వచ్చింది. పట్టుబడిన వ్యక్తి పురుషుడు. ఫొటోలో ఉన్నది స్త్రీ.

ఫొటో కింద ‘నిందితుడు’ అని సరిగ్గానే వేశాం. వార్తలో అతని వయసు, అతను మందులు దాచిన గోడౌను, అతని మీసం, పారిపోబోయి మురుగు కాలవలో కాలు పెట్టిన వైనం, అన్నీ ఉన్నాయి. ఆ వార్త రాసింది నేను. అందులో తప్పు లేదు. పాఠకులు ఫొటో చూశారు, మీసం గురించి చదివారు, పేజీ తిప్పారు. తేడా ఉందని చెప్పడానికి ఆఫీసుకు ఒక్కరూ ఫోన్ చేయలేదు. మా పత్రిక మీద పాఠకులకు అంత నమ్మకం.

ఫొటోలోని ఆవిడ మా బ్రాంచి ఆఫీసుకు రెండు వీధుల అవతల మందుల షాపు నడుపుతారు. ఆమె మీద కేసు లేదు, ఫిర్యాదు లేదు. కిందటి వారం ఆమె షాపు ముందు రక్తపోటు పరీక్షల శిబిరం జరిగింది. ఖర్చు ఒక టానిక్ కంపెనీ పెట్టుకుంది కాబట్టి మేం దాన్ని వార్తగా గుర్తించాం. కౌంటరు వెనక నిలబడి నవ్వుతున్న ఆమె ఫొటో అప్పుడు తీసింది. ఆ నవ్వుతోనే ఆమె సోమవారం నకిలీ మందుల కేసులో మొదటి పేజీకెక్కారు.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే మా పత్రిక భద్రత గురించి చెప్పాలి.

ఒకప్పుడు మా ప్రతి ఆఫీసులో ఒక మూల పచ్చదీపం వెలిగే పెట్టె ఉండేది. బయటి నుంచి వచ్చే వైరస్‌లను అది ఆపుతుందని చెప్పేవారు. ఆపేదో లేదో మాకు తెలియదు. దాని మీద టీ కప్పులు పెట్టుకుంటే చల్లారేవి కావు, అంతవరకు తెలుసు. కిందటేడు యాజమాన్యం ఆ పెట్టెలన్నీ తీయించి భద్రతను మబ్బుల్లోకి మార్చింది. మబ్బులంటే ఆకాశం కాదు. వేరే దేశంలో, వేరే కంపెనీవాళ్ల కంప్యూటర్లు. మా ఆఫీసుల నుంచి ఏది ఎక్కడికి బయల్దేరినా ముందు అక్కడికి వెళ్లాలి. వాళ్లు మూట విప్పి, వెతికి, మళ్లీ కట్టి, చేరాల్సిన చోటికి పంపుతారు.

మా పత్రిక అచ్చయ్యే ప్రెస్సు మా బ్రాంచి ఆఫీసు కింది అంతస్తులోనే ఉంది. మెషీను తిరిగితే నా బల్ల మీది గ్లాసులో నీళ్లు కదులుతాయి. నేను పంపిన ఫొటో ఆ మెట్లు దిగడానికి రెండు సముద్రాలు దాటి వెళ్లి, తనిఖీ చేయించుకుని, మళ్లీ ఆ రెండు సముద్రాలూ దాటి వస్తుంది. భద్రంగా వస్తుంది. వచ్చినప్పుడు.

మబ్బు కంపెనీతో ఒప్పందంలో రెండు పరిమితులున్నాయి. మొత్తం ఎన్ని చోట్లను కలపవచ్చు అన్నది ఒకటి. ఒక్కో చోటి నుంచి ఒకేసారి ఎంత సరుకు పోవచ్చు అన్నది రెండోది. దీన్ని బ్యాండ్‌విడ్త్ అంటారు. గొట్టం ఎంత లావుంటే అంత నీళ్లు అన్నమాట. మీ ఆఫీసులు ఎన్నో లెక్కపెట్టుకోండి, ఏ ఆఫీసు ఎంత పంపుతుందో కొలుచుకోండి, ఆ తర్వాత కొనండి అని కంపెనీ మనిషి వచ్చి చెప్పి వెళ్లాడు. యాజమాన్యం ముందు కొని, తర్వాత కమిటీ వేసింది.

కమిటీ చోట్లను మర్యాద క్రమంలో కేటాయించింది. ఎండీగారి గది, ఎండీగారి ఇల్లు, కంపెనీ అతిథిగృహం, ఎండీగారి అమ్మగారి ఇల్లు. అమ్మగారు పత్రికకు తొలి పాఠకురాలు. ఆవిడ కంప్యూటరుకు వైరస్ సోకితే పత్రిక పరువు పోతుంది. ఆ తర్వాత ప్రకటనల విభాగం, ఆ తర్వాత బ్రాంచీలు. ఇస్తూ పోతుంటే బ్రాంచీలు కొన్ని మిగిలుండగానే చోట్లు అయిపోయాయి. మిగిలిన బ్రాంచీలవాళ్లు దగ్గర్లోని కనెక్షన్ ఉన్న చోటికి వెళ్లి వార్తలు పంపుకోవాలని ఉత్తర్వులిచ్చారు. ఒక విలేకరికి దగ్గర్లో ఉన్నది అమ్మగారి ఇల్లు. ఆయన రోజూ వెళ్లి వరండాలో కూర్చుంటాడు. అమ్మగారు కాఫీ ఇచ్చి, వార్త చదివి, మనసుకు కష్టంగా లేనివి మాత్రం పంపనిస్తారు. ఆ ప్రాంతంలో నేరాలు తగ్గాయని మా పత్రిక సంపాదకీయం రాసింది.

కేటాయింపులో ప్రెస్సు ఊసే రాలేదు. యంత్రాలు ఇంటర్నెట్ చూడవు కాబట్టి ప్రెస్సుకు కనెక్షన్ అక్కర్లేదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. మరి పేజీలు ప్రెస్సుకు ఇంటర్నెట్‌లోనే కదా వెళ్లేది అని చివరి రోజు ఎవరో అడిగారట. దాంతో ప్రెస్సును మా బ్రాంచి కనెక్షన్‌కే తగిలించారు. ఒక బ్రాంచికని ఇచ్చిన గొట్టంలో అప్పట్నుంచి మేమూ పోతున్నాం, పత్రిక మొత్తమూ పోతోంది.

ఇక ఆ గొట్టాన్ని పంచుకోవాలి. పత్రికలవాళ్లకు తెలిసిన కొలత ఒక్కటే, పేజీలో జాగా. ముందు ప్రకటనలు పెడతాం, మిగిలితే వార్తలు. బ్యాండ్‌విడ్త్‌నూ అలాగే పంచారు. సగం ప్రకటనలకు. పావు యాజమాన్యం వారి కార్యక్రమాల ప్రత్యక్ష ప్రసారానికి. మిగతా పావులో వార్తలు, ఫొటోలు, ఉత్తరాలు, మా హాజరు. ప్రసారానికి చాలకపోతే వార్తల పావులోంచి తీసుకోవచ్చు. ప్రకటనల సగం ఖాళీగా ఉన్నప్పుడు వార్తలను అందులోంచి పంపుకోవచ్చా అని నేనొకసారి అడిగాను. ప్రకటన జాగాలో వార్త వేస్తారా ఎక్కడైనా అని కమిటీ నన్ను తిరిగి అడిగింది. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఉన్నవాణ్ని. ఆ ప్రశ్న నాకు సబబుగానే తోచింది.

ఈ పంపకాన్ని అమలు చేసేది ప్రధాన కార్యాలయంలోని భద్రతాధికారి. మేం ఆయన్ను మబ్బుబాబు అంటాం. ఎదురుపడితే మన క్షేమం కన్నా ముందు మన పాస్‌వర్డు క్షేమం అడిగే మనిషి. ఆయన హయాంలో పత్రికలోకి ఒక్క వైరస్ రాలేదు. ప్రపంచంలో ఏ మూల నుంచి మా మీద దాడి జరగబోయి ఆగిపోయిందో చూపించే పటం ఒకటి ఆయన తయారుచేయించాడు. అది అన్ని బ్రాంచీల్లో గోడ మీది టీవీలో రోజంతా కదులుతూ ఉంటుంది. అది కదలడానికి పట్టే బ్యాండ్‌విడ్త్ వార్తల పావులోంచి పోతుంది.

గొట్టం చాలడం లేదని బ్రాంచీల నుంచి ఫిర్యాదులు వెళ్లాయి. మబ్బుబాబు విచారణ జరిపి, మేం ఎక్కువ రాస్తున్నామని తేల్చాడు. విశేషణాలు మానేయాలని సర్క్యులర్ వచ్చింది. ‘భారీ వర్షం’ అననక్కర్లేదు, ‘వర్షం’ అన్నా పాఠకుడు తడుస్తాడు అని అందులో ఉదాహరణ ఇచ్చారు. నేను మొదట్నుంచీ విశేషణాలు వాడను. అది నా శైలి అనుకునేవాణ్ని. పొదుపు అని అప్పుడు తెలిసింది. మొత్తం సంస్థలో అందరికన్నా తక్కువ బరువున్న వార్తలు నావేనని లెక్క తీసి, ‘బ్యాండ్‌విడ్త్ మిత్ర’ అని ప్రశంసాపత్రం పంపారు. దాని చుట్టూ బంగారు అంచు, మధ్యలో ఎండీగారి ఫొటో, వెనక మబ్బులు. అది మా బ్రాంచికి దిగినంతసేపు పేజీలు ఆగిపోయి, ఆ రోజు పత్రిక బస్సులు అందుకోలేదు. నా ముప్ఫై ఏళ్ల వార్తలన్నీ కలిపినా ఆ ఒక్క కాగితమంత బరువుండవని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటికే నేను దాన్ని ఫ్రేము కట్టించి, వచ్చినవాళ్లకు కనబడేలా తగిలించాను. ఇప్పటికీ ఉంది.

ఖాళీల సమస్య ఒకటి మిగిలింది. ఫొటో వేళకు రాకపోతే పేజీలో కన్నం పడుతుంది. దానికీ మబ్బుబాబు ఏర్పాటు చేశాడు. రాని ఫొటో కోసం ప్రెస్సు కంప్యూటరు ఎదురుచూడదు. తన దగ్గర అప్పటికే ఉన్నవాటిలో అదే విషయానికి దగ్గరగా ఉన్న ఫొటోను దానంతట అదే తీసి పెట్టేస్తుంది. ఈ ఏర్పాటుకు మేం మొదట భయపడ్డాం. తర్వాత అలవాటైంది. ఈ ఏడు వరదలకు పోయినేటి వరద వేశాం, మునిగినవాళ్లు కూడా కనిపెట్టలేదు. మంత్రిగారి ప్రారంభోత్సవానికి అదే మంత్రిగారి మరో ప్రారంభోత్సవం వేశాం. ఆయన ఫోన్ చేసి ఫొటో బాగుందన్నారు.

సోమవారం నిందితుడి ఫొటో వార్తల పావులో బయల్దేరి ఎక్కడో సముద్రం మీద ఉండిపోయింది. ప్రెస్సు కంప్యూటరు ‘మందులు’ అన్న మాట కింద వెతికింది. అక్కడ ఒక్కటే ఫొటో ఉంది. టానిక్ కంపెనీ ప్రకటనతో కలిసి, ప్రకటనల సగంలోంచి, దర్జాగా దిగిన ఫొటో.

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి నేను ఆఫీసు తెరవడానికి వెళ్లేసరికి మందుల షాపావిడ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. చేతిలో మా పత్రిక. నా వెనకే లోపలికి వచ్చి, నేను కూర్చోమనే లోపే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“అన్నయ్యగారూ, నాకు మీసం ఉందా?” అన్నారు.

లేదన్నాను.

“మరి ఇందులో ఉందిగా.”

మీసం వేరొకరిదని, ఫొటో మాత్రమే ఆమెదని చెప్పాను. చెప్పాక, ఈ వివరణను సవరణలో వాడుకోవచ్చని కూడా అనుకున్నాను. ఆమె పత్రికను బల్ల మీద పరిచి జరిగింది చెప్పారు. సోమవారం పేపరు వచ్చినప్పట్నుంచి షాపులోకి ఒక్కరూ అడుగుపెట్టలేదు. ఎప్పుడూ ఆమె దగ్గరే షుగరు మాత్రలు కొనే టీచరుగారు వీధికి ఎదుటి వైపు నుంచి వెళ్లి, వీధి చివర కొనుక్కుని, మళ్లీ ఎదుటి వైపు నుంచే ఇంటికెళ్లారు. తోడికోడలు ఫోన్ చేసి, నీ దగ్గరే కదా మా పిల్లలకు దగ్గుమందు కొన్నది, ముందే ఒక మాట చెప్పకూడదా అని ఏడ్చిందట. భార్యాభర్తలిద్దరూ ఆ కౌంటరు మీదే బతుకుతున్నారు, వేరే ఆదాయం లేదు. పొద్దున్నే ఇంటి ఓనరు దిగి వచ్చారు. షాపు ఆయన ఇంటి కింది గది. ఈవిడ కాదని ఈ రోజు సాయంత్రం పేపర్లో పడితే సరే, లేకపోతే షాపు ఖాళీ చేయమన్నారు.

“నేను కాదని మీకు తెలుసుగా బాబాయిగారూ అన్నాను. ‘నాకు తెలిస్తే ఏం లాభం అమ్మాయ్, పేపరుకు తెలియాలిగా’ అన్నారు.”

ఓనరుగారు మొదట్నుంచీ మా చందాదారు.

సవరణ వేస్తామని చెప్పాను. సవరణలను మా పత్రిక ఏడో పేజీలో, వాతావరణం కింద, కళ్లజోడు పెట్టుకున్నా కనబడని అక్షరాల్లో వేస్తుంది. ఆమె ఒప్పుకోలేదు. మొదటి పేజీలో, అదే జాగాలో, అంతే కొలతలో, అసలువాడి ఫొటోతో రావాలన్నారు. ఫొటో ఎందుకు, అక్షరాలు చాలవా అన్నాను. అక్షరాల మీద బతికినవాణ్ని కాబట్టి అడిగాను.

“అక్షరాలు ఎవరు చదివారండీ? చదివుంటే మీసం దగ్గర ఆగేవారు కాదా?”

ప్రధాన కార్యాలయంలో డెస్క్ ఇన్‌చార్జికి ఫోన్ చేశాను. ఆయన నా భార్యకు తమ్ముడు. ఆఫీసు పనిలో చుట్టరికం తేకూడదని మా ఇద్దరి నియమం, కాబట్టి ఆయన నన్ను ఫోన్లోనే బావా అంటాడు, ఉత్తరాల్లో అనడు. విషయం విని, జాగా ఇస్తానన్నాడు. ఒంటిగంటకు మెషీను మొదలవుతుందని, పదకొండింటికి భద్రతా వార్షికోత్సవం సందర్భంగా ఎండీగారి ప్రసంగం ఉందని గుర్తుచేశాడు.

“ఆయన నోరు తెరిచాక ఇక ఏదీ కదలదు బావా. ఆ ఫొటో ఇప్పుడే, ఈ నిమిషమే నొక్కెయ్యి.”

అలాగే అన్నాను. ఫొటో నా కంప్యూటరులో సిద్ధంగానే ఉంది. మీసంతో సహా. గొట్టం ఖాళీగా ఉంది. అయితే సవరణ కూడా రాసి రెండూ కలిపి పంపితే పద్ధతిగా ఉంటుందనుకున్నాను. నలభై మాటలు. ‘పొరపాటున’ అని మొదలుపెట్టాను. అది లేకపోయినా వాక్యం నిలబడుతుందని తీసేశాను. తీసేస్తే కావాలని వేసినట్టుంది. మళ్లీ పెట్టాను. ‘చింతిస్తున్నాం’ అనాలా, ‘విచారిస్తున్నాం’ అనాలా అని బావమరిదికి ఫోన్ చేశాను. చింతించడం యాజమాన్యం పని, మనం విచారిస్తే చాలన్నాడు. అప్పుడు మొదటి వాక్యం, చివరి వాక్యం తూకంగా లేవనిపించింది. షాపావిడ ఎదురుగా కూర్చుని, పంపారా అని అడిగారు. వాక్యం కుదరాలమ్మా అన్నాను. ఇంకాసేపటికి మళ్లీ అడిగారు. కుదిరిందన్నాను, ఫొటో కింద మాట ఒకటి ఉండిపోయిందన్నాను. ‘అసలు నిందితుడు ఇతనే’ అని రాశాను. మూడే మాటలు. నాకు తృప్తి కలిగింది.

నేను పంపే మీట నొక్కేసరికి పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ. అక్షరాలు వెళ్లిపోయాయి. ఫొటో దగ్గర తెర మీద ఒక వాక్యం వచ్చింది: ‘మీ ఫొటో దారిలో ఉంది. మీ భద్రతే మాకు ముఖ్యం.’

పదకొండింటికి గోడ మీది టీవీలో పటం పోయి ఎండీగారు వచ్చారు. ప్రసంగం చూడటం అందరికీ తప్పనిసరి. అందరం కుర్చీలు అటు తిప్పుకున్నాం. షాపావిడ కూడా తిప్పుకున్నారు. ఎండీగారి పక్కన వేదిక మీద మబ్బుబాబు, మెడలో దండ.

“మిత్రులారా! ఏడాది క్రితం మన సంస్థ తలుపులు తెరిచి ఉండేవి. ఎవరు పడితే వాళ్లు వచ్చేవారు. ఏది పడితే అది బయటికి పోయేది. ఈ రోజు మన అనుమతి లేనిదే ఈ సంస్థలోకి గాలి కూడా రాదు. అనుమతి ఉన్నా ఆలోచించుకుని వస్తుంది. పత్రిక అంటే ఏమిటి? నమ్మకం. నమ్మకం అంటే ఏమిటి? భద్రత. భద్రత అంటే ఏమిటి?”

ఇక్కడ ప్రసంగం ఆగింది. ఎండీగారు నోరు తెరిచి, వేలు పైకెత్తి, అలాగే ఉండిపోయారు. ఆలోచిస్తున్నారని కొందరు అనుకున్నారు. గొట్టం చాలలేదు. వేదిక మీద మబ్బుబాబు ఒళ్లో కంప్యూటరు తెరిచి ఏదో నొక్కాడని తర్వాత తెలిసింది. వార్తల పావు మొత్తం ప్రసంగానికి మళ్లింది. ఎండీగారి వేలు కిందికి దిగింది.

“భద్రత అంటే మనమే!”

చప్పట్లు కొట్టాం. షాపావిడ నా వైపు వంగి, ఈయన మాట్లాడటం అయిపోతే నా ఫొటో వెళ్తుందా అని అడిగారు. మీ ఫొటో కాదమ్మా, అతని ఫొటో అని సరిదిద్దాను.

పన్నెండైంది. ఎండీగారు మానవజాతి చరిత్రలో తాళంకప్ప పాత్ర దగ్గరికి వచ్చారు. ఫొటో దారిలోనే ఉంది. నేను దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని మెట్లు దిగి ప్రెస్సుకు వెళ్లాను. ఫోర్‌మన్ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, రెండు వైపులా చూసి, తిరిగి ఇచ్చాడు.

“ఎక్కడ పెట్టమంటారు గురువుగారూ?”

కంప్యూటరుకు పెన్‌డ్రైవ్ పెట్టే చోట లక్క ఉంది. పెన్‌డ్రైవ్‌ల ద్వారా వైరస్ వస్తుందని మబ్బుబాబు స్వయంగా వచ్చి, లక్క కరిగించి పోసి, మీద సంస్థ ముద్ర వేసి వెళ్లాడు. దాన్ని తీయాలంటే ఆయన అనుమతి కావాలి. అనుమతికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. చేశాను. దరఖాస్తు దారిలో ఉందని వచ్చింది. ఆయనకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. లక్కేగా, పగలగొట్టెయ్యమన్నాను. రిటైరు కాబోతున్న మనిషి, ఫోర్‌మన్ నవ్వాడు.

“లక్క పగిలితే నా పింఛను పగుల్తుంది. మీరు పగలగొట్టండి, నేను అటు తిరిగి నిలబడతాను.”

నేను లక్క వంక చూశాను. ముద్రలో మా పత్రిక చిహ్నం ఉంది, తెరిచిన పుస్తకం మీద కలం. ప్రశంసాపత్రం అందుకున్న మనిషి చేయవలసిన పనేనా ఇది అని ఆలోచించాను. ఆలోచిస్తూనే మెట్లెక్కాను.

మిగిలింది ఒక్కటే దారి. బావమరిదికి ఫోన్ చేసి, ఫొటో గడి తీసేసి అక్షరాలు మాత్రమే ఉంచమన్నాను. షాపావిడ ముఖం చూడకుండా చెప్పాను. ఆయన వెంటనే గడి తీసేశాడు, దాని కింది మూడు మాటలూ తీసేశాడు, పేజీ మళ్లీ కట్టి ప్రెస్సుకు పంపాడు. ఇరవై నిమిషాల తర్వాత తనే ఫోన్ చేశాడు.

“పాత పేజీ ప్రసంగానికి ముందే దిగింది బావా. కొత్త పేజీ దారిలో ఉంది.”

ఎండీగారు అప్పుడు మబ్బుల గొప్పతనం గురించి చెబుతున్నారు. మబ్బు అందరి మీదా సమానంగా వర్షిస్తుందన్నారు.

ఒంటిగంటకు నా బల్ల మీది గ్లాసులో నీళ్లు కదిలాయి. షాపావిడ గ్లాసు వంక చూసి, తర్వాత నా వంక చూశారు. మొదలైంది అన్నాను.

కాపీ పైకి వచ్చింది. మొదటి పేజీ, అదే జాగా, అంతే కొలత. నా నలభై మాటలు ఉన్నాయి. ఒక్క అక్షరదోషం లేదు. ‘విచారిస్తున్నాం’ అని ముగిశాయి. రాని ఫొటో కోసం ప్రెస్సు కంప్యూటరు ఎదురుచూడలేదు. ‘మందులు’ అన్న మాట కింద వెతికి, ఉన్నది తీసి పెట్టింది. షాపావిడ కౌంటరు వెనక నిలబడి నవ్వుతున్నారు. కింద ‘అసలు నిందితుడు ఇతనే’ అని ఉంది.

ఆవిడ చదివారు. పేపరు నాలుగు మడతలు పెట్టారు. రేపు మళ్లీ సవరణ వేయిస్తానని, ఈసారి ముందే పంపుతానని చెప్పాను.

“వద్దులెండి అన్నయ్యగారూ. మూడోసారి వేస్తే ఉరి తీస్తారు.”

నిందితుడి ఫొటో మూడున్నరకు ప్రెస్సుకు చేరింది. అందులో ఏ వైరస్ లేదని ధ్రువీకరణ కూడా వచ్చింది. సాయంత్రం మబ్బుబాబు నాకు ఫోన్ చేసి, జరిగినదానికి బాధపడుతున్నానని, అయితే ఈ మొత్తం వ్యవహారంలో భద్రతకు ఎక్కడా భంగం కలగలేదని, అది గమనించమని కోరాడు. గమనించాను. ఎండీగారి ప్రసంగం వార్త రాసి పంపాను. విశేషణాలు వాడలేదు.

బుధవారం ఉదయం నేను ఆ షాపుకు వెళ్లాను. క్షమాపణ చెబుదామని కొంత, ఏం జరుగుతుందో చూద్దామని కొంత. షట్టరు దించి ఉంటుందనుకున్నాను. షాపు ముందు వరస కట్టి జనం ఉన్నారు. వరస మందుల షాపు దాటి, టైలరు షాపు దాటి, మలుపు తిరిగింది. చాలామంది చేతుల్లో మా పత్రిక ఉంది.

వరసలో మొదటి మనిషి కౌంటరు మీదికి వంగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

“అవి ఉన్నాయామ్మా?”

“ఏవి?”

“అవే. రెండుసార్లు పేపర్లో వచ్చినవి. బాగా తక్కువకి ఇస్తున్నారటగా.”

అలాంటివి లేవని షాపావిడ చెప్పారు. అతను తలాడించి, తాను పోలీసుల తాలూకు మనిషిని కాదని, కావాలంటే ఇంటి అడ్రసు ఇస్తానని అన్నాడు. అతని వెనక టీచరుగారు నిలబడి ఉన్నారు. షుగరు మాత్రలు నెలకు సరిపడా కావాలని, అసలువే కానక్కర్లేదని, చూడటానికి అలాగే ఉంటే చాలని, మాత్రలు తనకు కాదు, అత్తగారికని చెప్పారు. ఇంతలో ఫోన్ మోగింది. తోడికోడలు. బయటివాళ్లందరికీ ఇస్తూ అయినవాళ్లకు దాచడం ఏమైనా బాగుందా అని అడుగుతోందని షాపావిడ భర్త ఫోను చేత్తో మూసి చెప్పాడు.

ఓనరుగారు మేడ దిగి వచ్చారు. వరసను ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూశారు. తోపులాట లేకుండా నిలబడమని జనానికి చెప్పారు. కౌంటరు దగ్గరికి వచ్చి, ఖాళీ చేసే సంగతి ఇప్పుడెందుకులే అమ్మాయ్ అన్నారు. తన మోకాళ్ల నొప్పులకు కూడా ఒక పొట్లం పక్కన పెట్టమన్నారు.

షాపావిడ చాలాసేపు ఒక్కొక్కరికీ లేవని చెబుతూ వచ్చారు. ఎవరూ కదల్లేదు. ధర పెంచడానికి అలా అంటోందని వరసలో ఒకాయన వెనకవాళ్లకు వివరించాడు. చివరికి ఆమె మందులు వచ్చిన అట్టపెట్టె ఒకటి చింపి, వెనక వైపు లావు అక్షరాలతో రాసి, షాపు ముందు తాడుకు తగిలించారు. ‘మా దగ్గర అసలు మందులే దొరుకును. ధర కూడా అసలుదే.’

మొదటి మనిషి పైకి చూసి, అక్షరం అక్షరం చదివాడు. తర్వాతివాళ్లూ చదివారు. చదవలేనివాళ్లకు పక్కవాళ్లు చదివి వినిపించారు. మలుపు దగ్గర నుంచి మొదలై వరస విడిపోయింది. టీచరుగారు వీధికి ఎదుటి వైపుకు దాటారు. ఓనరుగారు అట్ట వంక, ఖాళీ వీధి వంక చూసి, నిన్న ఇచ్చిన మాటను గుర్తుచేశారు. పేపర్లో ఈవిడ కాదని పడలేదు కదా అన్నారు.

శుక్రవారం మా పత్రిక రెండో పేజీలో ఆయన ఇచ్చిన ప్రకటన వచ్చింది: రద్దీ వీధిలో షాపు అద్దెకు ఇవ్వబడును, వ్యాపారానికి అనుకూలం. దానితో పాటు ఫొటో ఉంది. అది ప్రెస్సుకు పదిన్నరకే చేరింది. అందులో షట్టరు దించి ఉంది.